దూరపు బేరము: బాలురకు వర్తకవిద్య

వర్తకుని బిడ్డకు వర్తకము వేరుగా నేర్పవలెనా యను ప్రశ్న రెండు మూడు తరముల క్రిందట ఎవరికిని తోచియుండదు. రాబర్ట్‌సన్‌పేటలో గాని, బంగారుపేటలో గాని, కోలారు పట్టణములో గాని బట్టల కొట్టు యజమాని కుమారుడు సాయంకాలము బడి విడువగానే వచ్చి తండ్రి ప్రక్కన గద్దె మీద కూర్చుండెడివాడు. ఇంట మార్వాడీ, పల్లెనుండి వచ్చిన రైతుతో తెలుగు, గని లైన్లనుండి వచ్చిన కూలివానితో తమిళము, కచేరీలో కన్నడము - ఈ నాలుగు భాషలును వానికి ఏ పంతులును నేర్పలేదు. గుడ్డ కొలుచుట, చిట్టా వ్రాయుట, దానిని పేరుపేరున ఖాతాలకు ఎత్తుట, అరువు అడిగినవాని ముఖము చూచి ఈయవచ్చునో కూడదో తెలిసికొనుట, ఇవన్నియు చూచి నేర్చినవే. పదునాలుగేండ్లు నిండునప్పటికి వాడు సగము వర్తకుడు.

ఇప్పుడా గద్దె మీద పిల్లవాని చోటు చాలవరకు ఖాళీ. వాడు బడినుండి ట్యూషనుకు, ట్యూషనునుండి ఇంటికి పోవుచున్నాడు. వాని చెల్లెలును అంతే. తండ్రి అమ్ము సరుకు ఏ ఊరినుండి వచ్చునో, ఎవరు నేసిరో, ఎంతకు కొన్నదో చాలమంది పిల్లలకు తెలియదు. ఆ లోటును పూరింపదలచియో ఏమో, బడియే వర్తకమును నేర్ప మొదలిడినది. ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతి వరకు, అనగా పూర్వము మిడిల్ స్కూలు అనబడిన ఆ మూడేండ్లలో, పిల్లలచేత సొంతముగా ఒక వ్యాపారమును ఊహింపజేయుట, ఒక వస్తువును, ఒక పరదేశమును ఎన్నుకొని అచ్చట దానిని అమ్ముటకు పథకము వ్రాయించుట, అట్టముక్క మీద రంగుల బొమ్మలతో ప్రకటన గీయించుట పట్టణములలోని బడులలో వాడుకయైనది. పల్లెబడులలో దీనికంటె మేలైనది ఒకటి కలదు. దానిని కన్నడములో ‘మక్కళ సంతె’ యందురు. పిల్లలు ఇంటినుండి కొత్తిమీర, ములగకాయలు, నిమ్మకాయలు, వేరుసెనగకాయలు తెచ్చి బడి ముంగిట పరచి, ఊరివారికి నిజమైన రూకలకు అమ్ముదురు. లెక్క వచ్చును, మాట వచ్చును, బిడియము పోవును. మంచి పని. ఆటలో నేర్చిన కూడికలు నల్లబల్ల మీది కూడికలకంటె ఎక్కువ కాలము నిలుచుననుటలో సందేహము లేదు.

అయితే సంత ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: ఎంత పెట్టితివి, ఎంత వచ్చినది, లాభమెంత? అమ్మినదానినుండి కొన్నదానిని తీసివేయగా మిగిలినది లాభము. పిల్లవాడు బల్ల మీద తీసివేత చేసి చూపును, తరగతి చప్పట్లు కొట్టును, పాఠమయిపోయినది. ఆ మిగులు ఎక్కడినుండి మిగిలినది, ఎవరి చేతిలోనిది వీని చేతికి వచ్చినది, వచ్చుట న్యాయమేనా యను ప్రశ్న అడుగువారు అరుదు. వర్తక కుటుంబములు ఆలోచింపవలసినది ఇచ్చటనే.

ఈ విషయమున పెద్దలలో రెండు తెగలు కనబడుచున్నవి. పండ్రెండేండ్ల బిడ్డకు లాభమను మాటయే వినిపింపరాదు, ఆ వయసు చదువుకును ఆటకును చెందినది, లోభము తనంతట తానే వచ్చును, దానికి పాఠమేల యని కొందరు. వర్తకము ఒక నేర్పు; ముందు నేర్పు రానిమ్ము, ధర్మాధర్మములు ఇంటిలో, గుడిలో, మునుల ఉపన్యాసములలో తెలియును, బడికి వానితో పనిలేదని మరికొందరు. మొదటి తెగవారి మాటలో వాత్సల్యమున్నది గాని వివేకము తక్కువ. వర్తకుని ఇంటిలో పుట్టిన బిడ్డ లాభమను మాట వినకుండ పెరుగుట చేపపిల్ల తడియకుండ పెరుగుట వంటిది. రెండవ తెగవారి మాట మరింత అపాయకరము. తీసివేత బడిలోను, ధర్మము గుడిలోను నేర్చినవాడు పెద్దవాడైన పిదప ఆ రెంటిని రెండు వేరు బీరువాలలో పెట్టి తాళము వేయును. ఉదయము పూజ చేసి మధ్యాహ్నము తూకము తగ్గించువాడు కపటి కానక్కరలేదు. వానికి ఆ రెండును ఒకే పుస్తకములో ఎవరును వ్రాసి చూపలేదు, అంతే.

పాత గద్దె మాత్రము పుణ్యక్షేత్రమా యని అడుగవచ్చును. కాదు. కొనునప్పుడొక రాయి, అమ్మునప్పుడొక రాయి వాడిన కొట్లు ఏ ఊరనైన ఉండెను. ఆ పిల్లవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి రెండు రాళ్ల విద్యయు నేర్చియుండవచ్చును. కాని ఆ గద్దెకు ఒక కాపుదల ఉండెను. అది ముఖము. గని కార్మికునికి జీతపు దినము వరకు బియ్యము అరువిచ్చిన కొట్టువాడు తూకము తగ్గించినచో, ఆ కార్మికుని భార్య రెండు దినములలో గుర్తుపట్టును. వచ్చే నెల ప్రక్క కొట్టుకు పోవును. ఊరక పోదు, లైను అంతటికి చెప్పి మరీ పోవును. ధర్మము చేయవలసిన పనిలో సగము ఈ సిగ్గును భయమును చేసెడివి. కొట్టు ముందు నిలిచినవాడు రేపు మరల వచ్చును గదా యను ఎరుక వర్తకుని చేతిని పట్టుకొనుచుండెను.

దేశాంతర వాణిజ్యములో ఆ ముఖము లేదు. సరుకు చేసినవానిని కొన్నవాడు చూడడు; కొన్నవానిని చేసినవాడు చూడడు; నడుమ పదిమంది చేతులు మారును. అచ్చటి పిల్లవానికి ఇచ్చటి పిల్లవాడు ఏమి అమ్మవచ్చును అను పాఠము చెప్పునప్పుడు అసలు చెప్పవలసిన సంగతి ఈ దూరమే. ధర నిర్ణయించుట, ప్రకటన చేయుట, నౌకారుసుము లెక్కించుట ఎప్పుడైనను నేర్చుకొనవచ్చును. కనబడనివానికి జవాబు చెప్పుకొనుట చిన్ననాడు అలవడనిచో తరువాత అలవడుట కష్టము.

ఈ పాఠము చెప్పుటకు కోలారు జిల్లాకంటె తగిన చోటు మరియొకటి వెదకనక్కరలేదు. మారికుప్పము, ఛాంపియన్ రీఫ్, ఊరిగాము అను పేర్లు ఈ ప్రాంతపు పిల్లలకు రైలు స్టేషన్ల పేర్లుగానో పేటల పేర్లుగానో తెలియును. అవి ఒకప్పుడు లండనులో వాటాలు కొనువారి నోట మెలగిన పేర్లని తెలియదు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఈ గనులలో ప్రవేశించిరి. మూలధనము ఇంగ్లండునుండి వచ్చినది. గని పని తెలిసిన మేస్త్రీలు ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమనుండి వచ్చిరి. కూలీలు ఉత్తర ఆర్కాడు, చిత్తూరు ప్రాంతములనుండి కుటుంబములతో వచ్చిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది, అదియు బెంగుళూరు వీథులలో దీపములు వెలుగుటకు ముందే. తవ్వి తీసిన బంగారము పరదేశమునకు పోయినది. గోడ మీది ప్రపంచ పటములో ఒక దారము పట్టుకొని ఈ నాలుగైదు చోట్లను కలిపి చూపినచో ఏడవ తరగతి పిల్లవానికి దేశాంతర వాణిజ్యమనగా నేమో ఒక్క గంటలో తెలియును. పుస్తకములోని ఊహాలోకపు కంపెనీ అవసరము లేదు. కంపెనీ వారి ఊరిలోనే ఉండెను.

తరువాత లెక్క. వాటాదారుని లెక్క తేలిక: వాటాకు ఇంత ఇచ్చితిని, ఏడాదికి ఇంత లాభాంశము వచ్చినది. తీసివేత సరియే. ఆ లెక్క ప్రక్కన ఇంకొక లెక్క పెట్టవలెను. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి భూమిలోనికి దిగినది. అంత లోతున రాయి తొలిచినప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అను వ్యాధి తెచ్చును. 1940-46 సంవత్సరముల నడుమ ఈ గనులలో 7,653 మంది కార్మికులను పరీక్షింపగా 3,402 మందికి ఆ వ్యాధి ఉన్నట్లు తేలినది. అనగా నూటికి దాదాపు నలుబది నలుగురు. లండనులోని వాటాదారుడు క్రూరుడని ఎవరును అనలేరు. అతడు తన వీథిలో దగ్గువాని చూచి జాలిపడియే ఉండును. ఆతని చేతికి వచ్చిన కాగితము మీద దగ్గు లేదు. బంగారము ఔన్సులలో ఉన్నది, ఖర్చు పౌనులలో ఉన్నది, ధూళి ఏ కాలమునందును లేదు. పిల్లలకు చెప్పవలసినది కంపెనీ చెడ్డదని కాదు; ఆ కాగితములో ఏ కాలము లేదో కనుగొనుమని.

ఆ లెక్క నేటికిని ముగియలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నూట ఇరువది ఏండ్లకు పైగా బంగారము తీయగా మిగిలిన పిండి, సైనైడు దిబ్బలని ఊరివారు పిలుచు బూడిదరంగు గుట్టలుగా, మూడు కోట్ల టన్నులకు పైగా అచ్చటనే పడియున్నది. గాలి కాలములో ఆ ధూళి ఇండ్ల మీదికి వచ్చును. బంగారము కొన్నవారు దేశదేశముల ఉన్నారు. దిబ్బ ప్రక్కన కాపురమున్నవారు ఈ ఊరివారు. ఇది ఎవరి ఖాతాలో వ్రాయవలసిన ఖర్చు? ఏడవ తరగతి పిల్లవాడు జవాబు చెప్పలేకపోవచ్చును. పెద్దలును చెప్పలేదు.

ఇదే గనులలో ఇంకొక సంగతి వర్తక కుటుంబములకు మరింత దగ్గరిది. గనినుండి బంగారపు రాయి దొంగతనముగా బయటికి పోవుట కంపెనీకి ఎల్లప్పుడు తలనొప్పి. సోదాలు, కాపలాలు, కఠినమైన చట్టములు వచ్చినవి. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసికొనవలెనని కంపెనీ పట్టుపట్టగా కార్మికులు అవమానముగా తలచి సమ్మె కట్టిరి. దొంగ యని అనుమానింపబడినవాడు ఎల్లప్పుడు కూలివాడే. కాని చిన్న రాతిముక్కను దాచి తెచ్చిన కూలివాడు దానిని వండుకొని తినడు గదా. ఎవడో కొనవలెను. కొన్నవాని వేలిముద్ర ఎవరును అడుగలేదు. ఇప్పుడు సంతలో పిల్లవాడు చేసిన తీసివేతను ఇచ్చట చేసి చూడవలెను: పదికి కొని ముప్పదికి అమ్మినాడు, లాభము ఇరువది. కొత్తిమీర అమ్మిన పిల్లవాని తీసివేతయు, దొంగరాయి కొన్నవాని తీసివేతయు ఒక్కటే. అంకెలలో భేదము లేదు. కనుక అంకెలు మాత్రమే నేర్పు పాఠము వర్తకునికిని, దొంగసొమ్ము కొనువానికిని భేదము నేర్పని పాఠమగును.

జైన శ్రావకునికి ఈ భేదము క్రొత్తది కాదు. అచౌర్యాణువ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పిన అతిచారములు ఐదు: దొంగను ప్రోత్సహించుట, దొంగ తెచ్చినదానిని తీసికొనుట, రాజ్య నియమమును అతిక్రమించి క్రయవిక్రయములు చేయుట, తూకములను కొలతలను హెచ్చుతగ్గులు చేయుట, మేలు సరుకులో నాసి సరుకు కలిపి మేలుదిగా అమ్ముట. ఈ పట్టికను చదివినవానికి ఒక సంగతి తట్టక మానదు. దొంగతనమును గురించి చెప్పుచు ఆ ఆచార్యుడు గోడకు కన్నము వేయువానిని గురించి ఒక్క మాటయు చెప్పలేదు. ఐదింటిలో ప్రతి యొకటియు వర్తకుడు చేయగలిగినదే. ఆ సూత్రమును వ్రాసినవారు అంగడిని బాగుగా ఎరిగినవారు. పాఠశాలలలో నేడు వాణిజ్యనీతి యని పెద్ద పేరుతో చెప్పుదానికి ఇంతకంటె పొట్టిదైన పాఠ్యక్రమము దొరకుట కష్టము.

మూడవది, రాజ్య నియమమును దాటుట, దేశాంతర వాణిజ్యమునకు సూటిగా తగులును. 1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చినది. పదునాలుగు క్యారెట్లకు మించిన మచ్చముతో క్రొత్త నగలు చేయరాదనిరి. 1968లో అది చట్టమైనది, 1990లో రద్దయినది. ఆ కాలమున దేశములోని ధరకును బయటి ధరకును చాల వ్యత్యాసముండుటచే బంగారము దొంగచాటుగా సముద్రము దాటి వచ్చెను. తెలివిగల పిల్లవాడు ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న వేయును: ఆ చట్టము 1990లో పోయినది గదా, నిన్న పాపమైనది నేడు పుణ్యమెట్లయినది? చట్టమే తప్పుకాదా? ఈ ప్రశ్నను కసరి కూర్చుండబెట్టరాదు. చట్టము మంచిదా కాదా యనునది వేరు వాదము. ఆ చట్టము వలన ఎందరో కంసాలులు పనిలేక దారుణముగా నలిగిపోయినది వాస్తవము. కాని చట్టమును పాటించి నష్టపోయిన కంసాలి ప్రక్కవీథిలోనే ఉండగా, పాటింపనివాడు గడించిన లాభము ఎక్కడినుండి వచ్చినది? ఇతరులు పాటించుచున్నారు గనుకనే వానికి ఆ ధర దొరకినది. ప్రభుత్వమునుండి దొంగిలించితినని వాడనుకొనును. దొంగిలించినది ప్రక్కవీథి కంసాలినుండి. చట్టము నచ్చనివాడు దానిని మార్పించుటకు పోరాడవచ్చును. చాటుగా దాటి, ఇతరుల విధేయతను సొమ్ము చేసికొనరాదు.

ఇట్టి సంగతులు గతించిన కాలమునకు చెందినవి మాత్రమే కావు. 2025 జూన్‌లో శ్రీనివాసపురము ప్రాంతపు తోతాపురి మామిడి చిత్తూరు జిల్లాలోని గుజ్జు కర్మాగారములకు పోకుండ ఆ జిల్లా అధికారులు సరిహద్దున ఆపిరి. అచ్చటి రైతుకు కర్మాగారము కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు కలిపి 12 రూపాయలు ఈయవలెనని ఏర్పాటు; బయటి కాయ వచ్చినచో ఆ ఏర్పాటు చెడునని భయము. శ్రీనివాసపురపు రైతు లబోదిబోమనెను, బందు జరిగెను, ఒక ముఖ్యమంత్రి మరొక ముఖ్యమంత్రికి లేఖ వ్రాసెను. ఆ గుజ్జులో చాల భాగము డబ్బాలలో పరదేశములకు పోవునది. రెండు ప్రక్కలను తెలుగు మాటలాడు రైతులే, కాయ ఒక్కటే, నడుమ ఒక చెక్‌పోస్టు. ఎగుమతి పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ అచ్చటి పిల్లలకు దొరకదు. ఎవరి పక్షమున న్యాయమున్నదో తరగతిలో రెండు జట్లుగా వాదింపజేయవచ్చును.

పాఠ్యపుస్తకములు ఈ దారిలో ఏమియు చేయలేదనుట అన్యాయమగును. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పాత ఏడవ తరగతి సాంఘిక శాస్త్రములో బజారులోని ఒక చొక్కాను గురించిన పాఠముండెను. కర్నూలు ప్రాంతపు చిన్న రైతు స్వప్న ప్రత్తి పండించును. విత్తుటకు ముందు వర్తకునివద్ద 2,500 రూపాయలు అధిక వడ్డీకి తెచ్చుకొన్నది గనుక ప్రత్తిని ఆతనికే అమ్మవలెను. నాలుగు క్వింటాళ్లకు క్వింటాలు 1,500 చొప్పున 6,000 రూపాయలు. అసలు వడ్డీ 3,000 పోగా చేతికి 3,000. బజారులో ధర 1,800 ఉన్నదని ఆమెకు తెలియును, అడుగలేదు. ఆ ప్రత్తి ఈరోడు బజారులో బట్టయై, ఢిల్లీ వద్ద చొక్కాయై, అమెరికాలో 26 డాలర్లకు అమ్ముడుపోవును. మంచి పాఠము. వర్తక కుటుంబపు బిడ్డకు మాత్రము ఇది చదువునప్పుడు ముఖము చిన్నబోవును. కథలో దుష్టుడు తన తండ్రి వంటివాడు. తల్లిదండ్రులు నొచ్చుకొనుట సహజమే.

నొచ్చుకొనుటకంటె లెక్క చేయుట మేలు. క్వింటాలుకు 300 చొప్పున నాలుగు క్వింటాళ్లకు 1,200 రూపాయలు. వర్తకుడు న్యాయమైన ధర ఇచ్చియున్నచో స్వప్న చేతికి 3,000కు బదులు 4,200 వచ్చెడిది. ఆమెకు అది నూటికి నలుబది ఎక్కువ. బిడ్డ చదువో, మరుసటి కారు అప్పు లేకుండుటయో అందులోనున్నది. వందల క్వింటాళ్లు కొను వర్తకునికి ఒక్క స్వప్న 1,200 గొప్ప మొత్తము కాదు. అట్టి స్వప్నలు నూరుమంది అయినప్పుడు మాత్రము గొప్ప మొత్తము. ఇక వర్తకుని పక్షమున అడుగవలసిన ప్రశ్నలును కలవు: అప్పు ఎగవేసినవారి నష్టమెంత, నిలువయుంచిన ప్రత్తి తడిసిన ఏడు ఏమాయెను, ధర పడిపోయిన ఏడు ఎవరు భరించిరి? పుస్తకము ఈ ప్రశ్నలు అడుగలేదు. వర్తకుని బిడ్డ అడుగవచ్చును. ఇంటికి పోయి తండ్రిని అడుగవచ్చును. ఆ తండ్రి పళ్లెములోని అన్నమును అట్లే ఉంచి ఒక్క క్షణము ఆలోచించి జవాబు చెప్పవలసి వచ్చును. ఆ క్షణము ఏ ప్రిన్సిపాలును ఏర్పాటు చేయలేని పాఠము.

కోలారు తాలూకా నరసాపురములోని సెల్‌ఫోన్ల కర్మాగారపు కథ ఇంకను దగ్గరిది. తైవాను దేశపు విస్ట్రాన్ సంస్థ అచ్చట అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థకు ఫోన్లు చేయుచుండెను. 2020 డిసెంబరు 12న జీతములు సరిగా అందలేదని కార్మికులు తిరుగబడి కర్మాగారమును ధ్వంసము చేసిరి. ధ్వంసము తప్పు. కొందరికి జీతము సరిగా, సకాలమున ఈయలేదని తరువాత సంస్థయే ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. లోపములు సరిదిద్దువరకు క్రొత్త పని ఈయమని ఆపిల్ వారు చెప్పిరి. 2023లో ఆ కర్మాగారము టాటా వారి చేతికి పోవు ఒప్పందము కుదిరినది. ఆ ఫోను పట్టుకొన్నవానికి నరసాపురము ఎక్కడనున్నదో తెలియదు. గని కాలపు లండను వాటాదారుని కథయే, గనికి బదులు ఫోను.

దూరమును గురించి జైన శాస్త్రములు మౌనముగా లేవు. గృహస్థుని గుణవ్రతములలో దిగ్వ్రతమొకటి: ఏ దిక్కున ఎంత దూరము వరకు పోవుదునో హద్దు పెట్టుకొని దానిని దాటకుండుట. హద్దు వెలుపల ఆ గృహస్థుడు సూక్ష్మమైన పాపమును కూడ చేయనివాడగును గనుక అంతమట్టుకు మహావ్రతితో సమానుడని పెద్దలు చెప్పుదురు. దీనిని అక్షరాలా తీసికొనువారు పిల్లలకు ఎగుమతి వ్యాపారము నేర్పుటయే వ్రతవిరుద్ధమందురు. ఇప్పుడు వర్తకుడు కూర్చున్న చోటనుండి కదలకుండ ఫోనులో సరుకు పంపుచున్నాడు, కాలు కదలలేదు గనుక వ్రతము చెడలేదనువారును కలరు. రెండవ వాదము తెలివైనది గాని, తెలివి ఎక్కువైనది. వ్రతము కాలిని గురించి పుట్టినది కాదు. కాలు పోయిన చోటికి లోభమును హింసయు పోవునని పుట్టినది. కాలు పోకుండనే అవి పోవు కాలము వచ్చినప్పుడు హద్దు కాలికి కాక చేతికి పెట్టవలసి యుండును. ఎంత దూరపు బేరమునకు తాను జవాబుదారిగా ఉండగలడో, ఎవరు చేసిరో ఎట్లు చేసిరో విచారించి తెలిసికొనగలడో, అంత దూరము పోవచ్చును. అంతకు మించి పోవుట హద్దు దాటుట. ఈ తీరున చెప్పినచో పండ్రెండేండ్ల బిడ్డకు కూడ తెలియును. అమెరికా హద్దులోపల ఉండవచ్చును, ప్రక్క ఊరు హద్దు వెలుపల ఉండవచ్చును.

శ్రావకుడు మానవలసిన పదునైదు కర్మాదానములలో భూమిని త్రవ్వి పగులగొట్టు స్ఫోటకకర్మ ఒకటి. గని ఊరిలో గుడ్డలు, బియ్యము, వడ్డీ వ్యాపారము చేసినవాడు త్రవ్వలేదు, నిజమే. వాని గల్లాపెట్టెలో పడిన ప్రతి రూపాయియు ఆ గోతిలోనుండి పైకి వచ్చినదే, అదియు నిజమే. దీనిని చిన్న తరగతులలో ఎత్తవలసిన పనిలేదు. పెద్దలు తమలో తాము మాటలాడుకొనవలసినది.

ఇక తరగతి గదిలో చేయవలసినది పెద్ద ఏర్పాటేమియు కాదు. సంత రోజున పిల్లవాడు వ్రాయు చిట్టాలో జమ, ఖర్చు అను రెండు కాలములకు తోడు మూడవది ఒకటి గీయించిన చాలును. అందులో సరుకు వెనుక ఒక్కొక్క అడుగు నడిచి కనబడిన మనిషిని వ్రాయవలెను. కొత్తిమీర కట్ట వెనుక కోసిన కూలియమ్మ. ఆమెకు దినమునకు ఎంత? తెలియనిచో ఖాళీ విడువవలెను, ఊహించి వ్రాయరాదు. ఖాళీలు ఎన్ని ఉన్నవో లెక్కించుట ఆ దినపు అసలు లెక్క. తరువాత కోలారు టమాటా మండీకి తీసికొనిపోవచ్చును. 2023 జూలైలో పదునైదు కిలోల బాక్సు రెండు వేల రూపాయలు దాటినది. వేరొక కాలమున అదే మండీ దారిలో కొనువారు లేక రైతులు టమాటాలు రోడ్డు ప్రక్కన పారబోసి పోవుదురు. బంగ్లాదేశ్ వరకు పోవు లారీలు అచ్చట నిండును. వేలముపాట చూచి వచ్చిన పిల్లలు మూడవ కాలము పూరింప కూర్చుండినప్పుడు పాట పాడినవాడు, మోసినవాడు, లారీ నడుపువాడు, ఢాకాలో కూర వండు ఇల్లాలు - ఎందరిని వ్రాయగలరో చూడవలెను.

ఇట్టి చదువు చదివిన బిడ్డ వ్యాపారములో వెనుకబడడా, ప్రతి బేరమువద్దను నిలిచి ఆలోచించుచుండగా ప్రక్కవాడు ఎగరేసికొని పోడా యని తండ్రికి దిగులు కలుగును. ధర్మముగా నుండినచో లాభము తప్పక ఎక్కువ వచ్చునని పిల్లలకు చెప్పుట వాడుక. అది నిజము కాదు గనుక చెప్పరాదు. ఒక్కొక్కప్పుడు వచ్చును, ఒక్కొక్కప్పుడు నష్టము వచ్చును. లాభమునకై ధర్మమును నేర్చినవాడు లాభము రాని మొదటి దినముననే దానిని దింపివేయును. అయినను హద్దు పెట్టుకొన్న వర్తకుడు బీదవాడే కానక్కరలేదు. ఉపాసకదశాంగములోని ఆనంద గృహపతి మహావీరుని వద్ద వ్రతములు గైకొనునప్పుడు తన సొత్తునకు పరిమితి చెప్పుకొనెను: నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారములో నాలుగు కోట్లు, గృహోపకరణములలో నాలుగు కోట్లు, దూరయాత్రకు ఐదువందల బండ్లు, దగ్గరి పనికి ఐదువందలు. ఇంత పెట్టుకొని ఇది హద్దు అనుట హాస్యముగా తోచవచ్చును. కాని అతడు లెక్క చెప్పినాడు. దూరపు బండ్లను కూడ విడువక లెక్కపెట్టినాడు.

గనులు మూతపడిన తరువాత కె.జి.ఎఫ్.లో వేలమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరికి పనికి పోయి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. వారి పిల్లలును, రాబర్ట్‌సన్‌పేట కొట్ల యజమానుల పిల్లలును కొన్ని బడులలో ఇంకను ఒకే బల్ల మీద కూర్చుందురు. కొన్ని బడులలో ఆ అవకాశము లేదు. ఫీజు వేరు, బస్సు వేరు, బల్ల వేరు. వ్యాపార పథకము వ్రాయించు పాఠము రెండవ తరహా బడులలో మిక్కిలి ఘనముగా జరుగుచున్నది. మూడవ కాలము పూరించుటకు ఆ పిల్లలకు పుస్తకము చూడవలసి యుండును. మొదటి తరహా బడిలో ప్రక్కకు తిరిగి, మీ నాయనకు దినమునకు ఎంత ఇత్తురు, ఏ గంటకు ఇల్లు చేరునని అడిగిన చాలును.